ఇంటి నంబరు పడ్డ జీపు

బొడ్డేటి పరదేశినాయుడు డ్రాయింగు మాస్టారు. నీలవరం హైస్కూల్లో పిల్లల చేత కూజాలూ అరటిపళ్లూ గీయించి గీయించి ఈమధ్యనే రిటైరయ్యాడు. ఆయన భార్య సత్యవేణి ఊళ్లోని పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి, ఆయనకన్నా కాస్త ముందే ఇంటికొచ్చింది. ఉద్యోగాలు చేసినన్నాళ్లూ ఆయనది పగలు, ఆవిడది చాలావరకు రాత్రి. వీధి గుమ్మం దగ్గర ఎదురుపడి తాళంచెవి ఇచ్చిపుచ్చుకుంటూ గడిపిన సంసారం అది.

తీరిక చిక్కాక ఆవిడ ఒకే ఒక్క కోరిక బయటపెట్టింది. చలిమెట్ట మీద తెల్లవారడం చూడాలట. చలిమెట్ట నీలవరానికి ఎగువన, ఘాట్ రోడ్డు చివర ఉన్న కొండ. చలికాలంలో మబ్బులు ఆ కొండకి దిగువన పరుచుకుంటాయని, సూర్యుడు వాటిలోంచి తల పైకెత్తుతాడని చూసొచ్చినవాళ్లు చెబుతారు.

"నేను చూసిన తెల్లారగట్లన్నీ వార్డు కిటికీలోంచే" అంది ఆవిడ. "వెలుగొచ్చిందంటే థర్మామీటర్లు పట్టుకుని తిరగాలని అర్థం. ఒక్కసారి ఏ పనీ లేకుండా చూడాలండి."

కొండ మీద ఉన్నది ఒక్కటే గెస్టుహౌసు. అది ఎప్పుడూ అధికారుల కోసం ఖాళీగా ఉంచబడి ఉంటుంది. అంచేత మాస్టారు ఫోర్ వీల్ గేరున్న పాత జీపొకటి కొన్నాడు. ఎటువంటి బురదలోనైనా, ఎంత ఎగుడులోనైనా మూలుగుతూ ఎక్కిపోయే జీపు. దాని వెనక సీటు విప్పేసి, ఆ సీటు బోల్టులు పట్టే కన్నాల్లోనే ఇనప ఫ్రేము బిగించాడు. ఫ్రేము మీద మడతబందులతో కలిపిన ప్లైవుడ్ పలకలు, వాటి మీద పాత తివాచీ, కింద స్టవ్వుకీ దుప్పట్లకీ సొరుగులు. అన్నిటికీ చెవుల నట్లే వాడాడు. స్పానరక్కర్లేదు, చేత్తో తిప్పితే ఊడొచ్చేస్తాయి. కావలసినప్పుడు మంచం, వద్దనుకుంటే మళ్లీ సీటు.

మొదటిసారి ఎత్తు లెక్క తప్పింది. సత్యవేణి పడుకుని లేవబోతే నుదురు టాపుకి కొట్టుకుంది. ఆవిడ నుదురు తడుముకుంటూ నవ్వి, ఇందులో లేచి కూర్చోవడానికి లేదు, మొత్తానికి పేషెంటు మంచమే చేశారు అంది. మాస్టారు చిన్నబుచ్చుకుని ఫ్రేము కాళ్లు కోసి కిందకి దింపాడు.

కార్తీకం వెళ్లాక ఓ మధ్యాహ్నం ఇద్దరూ బయల్దేరారు. ఘాట్ రోడ్డు మొదట్లో చెక్‌పోస్టు ఉంది. అక్కడ వాహన తనిఖీ అధికారి కంచిభట్ల విశ్వేశ్వరం. ఆయన లంచం ముట్టని మనిషి. ముట్టే మనిషే అయితే ఈ కథ అక్కడితో అయిపోయేది.

విశ్వేశ్వరం వెనక తలుపు తీసి చాలాసేపు చూశాడు. తివాచీ మీద చెయ్యి వేసి నొక్కాడు.

"మాస్టారూ, ఇది ఏమి?"

"మంచమండి."

"వాహనములో మంచము దేనికి?"

"పడుకోడానికండి."

"వాహనము ప్రయాణ నిమిత్తము ఉద్దేశింపబడినది. ప్రయాణించువారు కూర్చుండవలెను."

జీపు ఆగిన తర్వాతే పడుకుంటామని మాస్టారు వివరించాడు. విశ్వేశ్వరం ముఖంలో విచారం కనిపించింది. ఎదుటివాడు తనంతట తానే వచ్చి చిక్కుకున్నప్పుడు నిజాయితీపరులకి కలిగే విచారం అది. ఆగి ఉన్నదీ, లోపల మనుషులు పడుకునేదీ అయితే అది వాహనం ఎలా అవుతుందని ఆయన అడిగాడు. పైకప్పుంది, తలుపుంది, మంచముంది. అది నివాసం. నివాసాలను తనిఖీ చేసే అధికారం తనకి లేదు. నివాసం కాదని పురపాలక సంఘం వారి నుంచి ధ్రువపత్రం తెస్తే సంతోషంగా వదిలిపెడతానన్నాడు.

మాస్టారు జీపు వెనక్కి తిప్పాడు. ఫ్లాస్కులో పోసుకున్న టీ ఇంటికొచ్చాక తాగారు.

పురపాలక సంఘంలో నివాస నిర్ధారణ విభాగానికి ఇందుమతి అనే అధికారిణి ఉంది. చురుకైన మనిషి, మాట మెత్తన. జీపు ఇల్లు కాదని రాసివ్వడం నిమిషంలో పనేనని, అయితే ముందు దాన్ని ఇల్లుగా పరీక్షించాలని ఆవిడ చెప్పింది. ఇల్లుగా తప్పితే అప్పుడు కాదని రాసిస్తారు. మాస్టారికి ఇది సబబుగానే తోచింది. ఉద్యోగకాలమంతా పిల్లలకి పరీక్షలు పెట్టినవాడు గనక, తప్పడం ఎంత సులువో ఆయనకి తెలుసు.

పరీక్ష జరిగిన రోజున వాయుగుండం పట్టింది. ఆఫీసు వరండాలో నాలుగు మూలలా బకెట్లు పెట్టారు. నేల మీద ఎక్కడ నిలబడ్డా నెత్తిన చినుకు పడుతోంది. ఇందుమతీ, ఆవిడ సిబ్బందీ కాగితాలు తడవకుండా జీపులోకి ఎక్కి మంచం మీద కూర్చుని పరీక్ష మొదలుపెట్టారు. పైకప్పు కారడం లేదు. గోడలు చెమ్మగిల్లలేదు. కిటికీలు మూస్తే మూసుకుంటున్నాయి, తీస్తే తెరుచుకుంటున్నాయి. స్టవ్వుంది గనక వంటకి చోటున్నట్టే. సత్యవేణి మర్యాద కొద్దీ అందరికీ అల్లం టీ పెట్టి ఇచ్చింది. అది వాళ్లని ఇంకా ఇబ్బందిలో పడేసింది.

వాన వెలిశాక ఇందుమతి దిగి, ప్రభుత్వ క్వార్టర్లలో ఇన్ని లక్షణాలున్నది తాను ఇంతవరకు చూడలేదని చెప్పింది. జీపు ఇల్లుగా ఉత్తీర్ణమైంది. నంబరు ప్లేటు పక్కనే నీలం రంగు ఇంటి నంబరు రేకు కొట్టించింది.

మాస్టారికి అప్పుడు కోపమొచ్చింది. మంచమే కదా గొడవంతా, అది విప్పేస్తే మళ్లీ జీపే అవుతుందన్నాడు. వెనక తలుపు తీసి చెవుల నట్టు ఒకటి తిప్పడం మొదలుపెట్టాడు.

"మాస్టారూ, చెయ్యి తీయండి" అంది ఇందుమతి. "అది కూల్చివేత కిందకి వస్తుంది. అనుమతి లేకుండా నివాస గృహాన్ని కూల్చడం నేరం."

"నట్టు విప్పడం కూల్చివేతేంటమ్మా?"

"రేపు మళ్లీ బిగిస్తారు కదండీ. అది నూతన నిర్మాణం. దానికి ప్లాను వేరే పెట్టుకోవాలి."

ఆవిడ బెదిరించడం లేదు. మాస్టారి మేలు కోరే చెబుతోంది. సగం తిప్పిన నట్టుని ఆయన చేతే మళ్లీ బిగింపించి, ఇంటికి జరిగిన నష్టం సరిచేయబడినదని రాసుకుంది. ఇంటి నంబరు పడ్డ జీపుని మాస్టారు మళ్లీ చెక్‌పోస్టుకి తోలుకెళ్లాడు. విశ్వేశ్వరం రేకు చదివి, తన అనుమానం నిజమైనందుకు పొంగిపోకుండా, ఇళ్లు ఘాట్ రోడ్డు ఎక్కడానికి నిబంధనల్లో ఎక్కడా వీలు లేదని నెమ్మదిగా చెప్పాడు.

జీపు ఇంటి ముందు నిలిచిపోయింది. పురపాలక సంఘం వాళ్లు దానికి కుళాయి కూడా వేశారు. సత్యవేణి ఆ కుళాయి కింద గిన్నెలు కడుక్కుంటూ, పోనీలెండి, మేడ మీద నుంచి కూడా సూర్యుడు కనిపిస్తాడుగా అంది. ఆవిడ అలా సర్దుకున్నప్పుడే మాస్టారికి ఎక్కువ బాధ వేసేది. జీవితమంతా సర్దుకున్న మనిషి అడగక అడిగింది ఇదొక్కటి.

ఇంతలో ఈ సంగతి పునర్నివాస ప్రత్యేకాధికారి సర్వారాయుడి చెవిన పడింది. అంతకు ముందటేడు తుపానుకి నీలవరం చుట్టుపక్కల చాలా ఇళ్లు పోయాయి. వాటికి బదులు కొత్తవి కట్టించే బాధ్యత ఈయనది. ఇళ్లు ఇంకా లేవలేదు. గడువు మాత్రం దగ్గరపడింది. అటువంటి సమయంలో ఆయన మాస్టారి జీపుని చూసి, చుట్టూ తిరిగి, రేకుని రుమాలుతో తుడిచి, కళ్లు చెమర్చేంతగా సంతోషపడ్డాడు. పలకలు పరిస్తే జీపు ఇల్లవుతుందని పురపాలక సంఘమే ఒప్పుకున్నాక, ప్రభుత్వం దగ్గర ఇన్ని జీపులుంచుకుని ప్రజలు నీడ లేక అల్లాడటం ఏమిటని ఆయన ప్రశ్న.

"ఉన్న వనరులను నివాసయోగ్యం చేసుకోవడమే అభివృద్ధి మాస్టారూ" అన్నాడు. "మీరొక ఉద్యమానికి పునాది వేశారు."

పునాది లేకపోవడమే దీని సుగుణమని మాస్టారు గొణిగాడు. సర్వారాయుడు ఆ వాక్యం నచ్చి ప్రసంగంలో వాడుకున్నాడు.

పథకానికి చలనగృహ యోజన అని పేరు పెట్టారు. మాస్టారి చేత బొమ్మ గీయించుకున్నారు. ఊళ్లో ఉన్న వడ్రంగులంతా ఆఫీసుల ముందు చేరి ఒకటే రంపపు చప్పుడు. నీటిపారుదల వారి జీపు, వ్యవసాయం వారి జీపు, పశువైద్యం వారి జీపు, ఒక్కొక్కటే ఇల్లయిపోయాయి. పూలదండలు కట్టి, పాలు పొంగించి, తుపాను బాధితులకి అప్పగించారు. లక్ష్యం గడువుకి ముందే పూర్తయింది.

విశ్వేశ్వరం జీపు పైడమ్మ అనే ముసలావిడకి వచ్చింది. తుపాన్లో ఆవిడ తాటాకు పాక ఎగిరి చెరువులో పడింది. అప్పట్నుంచి బడి అరుగు మీద తలదాచుకుంటోంది. వెంట ఒక కోడిపెట్ట తప్ప ఎవరూ లేరు. ఆవిడ గిన్నెలు సొరుగుల్లో సర్దుకుని, కోడిని స్టీరింగు కింద కట్టేసి, కాపురం మొదలుపెట్టింది.

చిక్కు మర్నాటి నుంచే తెలిసొచ్చింది. అధికారులకి తిరగడానికి జీపుల్లేవు. ఉన్నవన్నీ ఎవరో ఒకరి ఇళ్లు. డ్యూటీ మీద వెళ్లాలంటే ఇంటివాళ్లని అడిగి, వాళ్లతో సహా వెళ్లాలి. వ్యవసాయాధికారి చీడ పట్టిన వరిచేలు చూడటానికి వెళ్తే వెనక బాలింత నిద్రపోతోందని మెల్లగా నడపమన్నారు. ఆయన చేరేసరికి కోతలైపోయాయి. పశువైద్యుడు ఒక ఇంట్లో పెళ్లిచూపులు జరుగుతుంటే అవి అయ్యేదాకా బయట నిలబడ్డాడు. పిల్ల నచ్చిందని చెప్పాక గానీ ఆయన ఆవు దగ్గరికి వెళ్లలేకపోయాడు.

విశ్వేశ్వరం రోజూ పొద్దున్నే టోపీ చేత్తో పట్టుకుని పైడమ్మ తలుపు తట్టేవాడు. నివాసంలోకి అనుమతి లేకుండా ప్రవేశించే మనిషి కాదాయన.

"ఇయాల ఎల్లనేను బాబూ" అనేది ఆవిడ. "బానెట్టు మీద మిరపకాయలెట్టినాను. ఎండినాక రా."

ఆయన ఎండేదాకా ఆగేవాడు. ఒకరోజు ఆగకుండా పారిపోతున్న దొంగకలప లారీ వెంటపడ్డాడు. దారిలో కోడి గుడ్డు పెట్టబోతోందని ఆవిడ ఆపమంది. ఆయన ఆపాడు. కోడి తన పని ముగించుకుంది, లారీ కూడా ముగించుకుంది. ఆ సాయంత్రం విశ్వేశ్వరం మాస్టారి వీధిలోంచి వెళుతూ జీపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏదో చెప్పాలనుకున్నట్టు నోరు తెరిచి, నిబంధనలకి వ్యతిరేకమని కాబోలు, చెప్పకుండా వెళ్లిపోయాడు.

పథకం కీర్తి రాజధాని దాకా పాకి, అక్కడి నుంచి ఒక పరిశీలక బృందం వస్తోందని కబురొచ్చింది. పరిశీలన చలిమెట్ట మీద జరుగుతుంది. ఎందుకంటే గెస్టుహౌసు అక్కడుంది. నమూనా గృహంగా పరదేశినాయుడి జీపుని నివాసులతో సహా కొండ మీదికి తరలించాలని ఉత్తర్వు వచ్చింది. పైడమ్మ ఇల్లు కూడా వెళ్లాలి, ఎలాగూ విశ్వేశ్వరం బందోబస్తుకి వెళ్తాడు గనక.

మాస్టారు ఉత్తర్వు చదివి ఎగిరి గంతేసినంత పని చేశాడు. సత్యవేణి ట్రంకుపెట్టెలోంచి ఉన్ని శాలువా తీసి దులిపింది. అప్పుడు సర్వారాయుడు వచ్చి మిగతా సగం చెప్పాడు. నివాసమనగా నిద్ర అని బృందం వారి నిర్వచనం. ఇంట్లో నిజంగా మనుషులు ఉంటున్నారో లేదో తేల్చడానికి వాళ్లు తెల్లవారుజామునే వస్తారు. వాళ్లు చూసి రాసుకుని వెళ్లేదాకా నివాసులు కళ్లు మూసుకుని నిద్రావస్థలో ఉండాలి.

"అంటే సూర్యుడొచ్చే వేళకా?" అంది సత్యవేణి.

"సుమారుగా అదే వేళకమ్మా. మీరు ప్రత్యేకంగా చేయవలసిందేమీ లేదు. నిద్రపోవడమే."

ఆవిడ శాలువా మడిచి సంచీలో పెట్టుకుంది.

ఈసారి చెక్‌పోస్టు దగ్గర గేటు ముందే ఎత్తి ఉంచారు. ఘాట్ రోడ్డు దాటాక మట్టిదారి. ఫోర్ వీల్ గేరు వేస్తే జీపు మూలుగుతూ రాళ్ల మీదుగా ఎక్కింది. కొండ నెత్తి మీద గడ్డిలో, లోయ వైపు తలుపులు పెట్టి రెండు ఇళ్లనీ నిలబెట్టారు. మాస్టారూ సత్యవేణీ సక్రమంగా నిద్రపోతున్నారో లేదో కనిపెట్టి ఉండమని సర్వారాయుడు ఒక గుమస్తాని జీపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. చలికి అతను తెల్లవార్లూ దగ్గుతూనే ఉన్నాడు. దాంతో ఆ రాత్రి జీపులో ఎవరికీ కునుకు పట్టలేదు.

తూరుపు కాస్త తెల్లబడగానే బృందం వచ్చింది. ఉన్నికోట్లు, మంకీ టోపీలు, చేతుల్లో టార్చీలు. వెనక తలుపు చుట్టూ నిలబడి లోపలికి వెలుగు వేసి చూస్తున్నారు. పలక మందం కొలుస్తున్నారు, సొరుగు లాగుతున్నారు. ఇద్దరు నివాసులు, ఉభయులూ నిద్రావస్థలో, అని ఒకాయన చెబుతుంటే ఇంకొకాయన రాసుకుంటున్నాడు. మాస్టారు కళ్లు గట్టిగా మూసుకుని, ఉత్సాహం కొద్దీ చిన్న గురక కూడా తీశాడు.

సత్యవేణి ఒక కన్ను తెరిచింది. టోపీల సందుల్లోంచి, దూరంగా, తెల్లటి మబ్బుల అంచు ఎర్రబడుతోంది.

ఆవిడ లేచి కూర్చుంది. ఎత్తు సరిపోయింది, నుదురు ఎక్కడా తగల్లేదు. శాలువా కప్పుకుని కాళ్లు కిందకి దింపింది.

"అమ్మా, అమ్మా" అన్నాడు సర్వారాయుడు గొంతు తగ్గించి. "పరిశీలన పూర్తి కాలేదు. దయచేసి నిద్రావస్థలో కొనసాగండి."

"బాబూ, నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ తనిఖీకొచ్చినవాళ్లకి మెలకువగా కనపడాలని కళ్లు నలుపుకుంటూ నిలబడ్డాను" అంది సత్యవేణి. "ఇప్పుడేమో నిద్రపోతున్నట్టు కనపడమంటున్నారు. ఇంక నేనెలా ఉన్నానో అలాగే కనపడతాను. కాస్త దారివ్వండి."

వాళ్లు దారిచ్చారు. ఆవిడ గడ్డి మీద నడుచుకుంటూ కొండ అంచు దాకా వెళ్లి రాతి మీద కూర్చుంది. మాస్టారు ఒక క్షణం ఆలోచించి, గురక ఆపి, ఆవిడ వెనకాలే వెళ్లాడు. మబ్బుల్లో సముద్రంలా కదలికలు. వాటిలోంచి సూర్యుడు ముందు గోరంత, తర్వాత గిన్నెంత పైకొచ్చాడు. ఆవిడ చేతులు ఒళ్లో ఊరికే పెట్టుకుని చూసింది. వాటిలో ఏ పనీ లేదు. మాస్టారు సూర్యుణ్ని కాసేపు, ఆవిడ చేతుల్ని కాసేపు చూశాడు.

బృందం మాత్రం సూర్యుడికి వీపు పెట్టి ఖాళీ మంచాన్ని చూస్తూ నిలబడి ఉంది. ఇటు తిరిగినవాడు విశ్వేశ్వరం ఒక్కడే. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

నిద్రించువారు లేనందున నివాసం లేదు, నివాసం లేనందున ఇల్లు లేదు, అని బృందం అక్కడికక్కడే తేల్చింది. గుమస్తా చేత రేకు ఊడబీకించారు. సర్వారాయుడు దిగాలుపడి పక్కనున్న పైడమ్మ ఇంటి వైపు చూపించాడు. ఆవిడ నిజంగానే గాఢనిద్రలో ఉంది. బృందం తృప్తిపడింది. ఇంటిపట్ల నీ అభిప్రాయమేమిటని ఆవిడని లేపి మరీ అడిగారు.

పైడమ్మ కళ్లు నులుముకుని వాళ్లని ఎగాదిగా చూసింది.

"బాగుంది బాబూ. కానీ ఈ జీపు ఇదివరకు ఉండీ షెడ్డుకి స్లాబేసుంది. గచ్చుంది, తలుపుంది. ఇప్పుడది ఖాళీగా పడుంది. జీపుకేమో స్లాబుకొంపేసినారు, నాకేమో జీపిచ్చినారు. జీపు ఆ బాబుకిచ్చి షెడ్డు నాకిస్తే ఇద్దరం పడుంటాం."

షెడ్డు ఇల్లవుతుందా అని ఒకాయన సణిగాడు గానీ దానికి నిర్వచనం వెతకాలంటే గెస్టుహౌసులో ఇడ్లీలు చల్లారిపోతాయి. వాళ్లు అటు నడిచారు. పైడమ్మ ఉత్తర్వు కోసం ఎదురుచూడలేదు. కొండ దిగిన మధ్యాహ్నమే కోడిని చంకనెట్టుకుని షెడ్డులోకి మారిపోయింది. షెడ్లలో కాపురాల గురించి నిబంధనలేమీ లేవు గనక ఆవిడని ఇంతవరకు ఎవరూ కదపలేదు.

ఆ పొద్దున కొండ మీద, బృందం అటు వెళ్లగానే, విశ్వేశ్వరం మాస్టారి జీపు దగ్గరికొచ్చాడు. రేకు పోయిన చోట మేకుల కన్నాలు చూశాడు. వెనక తలుపులోంచి మంచం చూశాడు.

"ఇప్పుడు ఇది వాహనము" అన్నాడు విశ్వేశ్వరం. "వాహనములో మంచమున్నది."

"ఉందండి."

"దాని మీద ఎవరూ లేరు." ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఎవరూ లేని మంచము సామాను. సామానుకు అభ్యంతరము లేదు."

ఆయన టోపీ పెట్టుకుని, బయల్దేరవచ్చునా అని పైడమ్మని అడిగి, ఆవిడ జీపెక్కి వెళ్లిపోయాడు. ఆయన కనుమరుగయ్యేదాకా మొగుడూపెళ్లాలిద్దరూ సామానుకి దూరంగా మర్యాదగా నిలబడ్డారు.

తర్వాత ఆ గడ్డిలో వాళ్లిద్దరే మిగిలారు. ఎండ వెచ్చగా జీపులోకి పడుతోంది. తెచ్చుకున్న ఇడ్లీలు తిందామా, దిగిపోదామా అని మాస్టారు అడిగాడు. ఆయన తిరిగి చూసేసరికి ఆవిడ మంచం మీద ఒత్తిగిల్లి, నోరు కొంచెం తెరిచి, నిద్రపోతోంది. ఆయన చప్పుడు చేయకుండా చెప్పులు విడిచి, ఆవిడ పక్కన నడుం వాల్చాడు.